ఆరు నెలలు ఆగమన్నారు, మేం ఆగలేదు

కుక్కపిల్లని తెచ్చుకున్నామని చెప్పగానే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా ఒకటే. "ఇప్పుడేం నేర్పకండి, ఆరు నెలలు దాటాక ట్రైనర్ని పెట్టించండి." పక్క ఫ్లాటు వాళ్లు చెప్పారు, ఆఫీసులో చెప్పారు, ఊళ్లో ఎప్పుడూ కుక్కల్ని సాకే మా మామయ్యగారూ అదే చెప్పారు. రెండో సలహా కూడా దాదాపు అందరి నోటా వస్తుంది: ఇంజెక్షన్లన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించకండి. ఈ రెండూ తు.చ. తప్పకుండా పాటిస్తే పిల్ల మొదటి నాలుగు నెలలూ నాలుగు గోడల మధ్యే గడిచిపోతాయి. ఆ నాలుగు నెలలే దానికి అన్నిటికన్నా విలువైనవని మాకు చెప్పింది గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్న మా పిన్ని కొడుకు. వాడి మాట విని చేశాం. కొత్తగా పిల్లని తెచ్చుకునేవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ఆరు నెలల లెక్క ఎలా వచ్చిందో కూడా వాడే చెప్పాడు. ఒకప్పుడు పోలీసు కుక్కలకీ మిలిటరీ కుక్కలకీ మెడకి బిగుసుకునే గొలుసు వేసి, మాట వినకపోతే గట్టిగా గుంజి నేర్పేవారు. చిన్నపిల్ల మెడ ఆ గుంజుడికి తట్టుకోదు, అందుకని ఆరు నెలలు ఆగేవారు. తిండి ముక్క ఇచ్చి నేర్పేటప్పుడు అలా ఆగాల్సిన పనే లేదు.

మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. మా అపార్టుమెంటు సెల్లారులో, జనరేటర్ వెనక, కార్తీకమాసంలో వీధికుక్క ఒకటి పిల్లల్ని పెట్టింది. వాచ్‌మన్ అన్నం పెట్టి సాకుతున్న కుక్కే అది, దానికి రేబిస్ టీకా కూడా వేయించి ఉంది. మా అమ్మాయి ఆ రోజు నుంచే ఒక పిల్లని పైకి తెచ్చేద్దామని పేచీ. తమ్ముడికి ఫోన్ చేస్తే "అక్కా, 8 వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనియ్యి. నువ్వే రోజూ కిందికి వెళ్లి చూసుకో" అన్నాడు.

ఎందుకో విడమరిచి చెప్పాడు. పుట్టిన రెండు వారాలకి అటూ ఇటూగా పిల్లలకి కళ్లు తెరుచుకుంటాయి. మూడో వారంలో చెవులు వినిపించడం మొదలవుతుంది. అప్పటినుంచి 12, 14 వారాల వయసు దాకా ఎదురైన ప్రతిదాన్నీ 'ఇది మామూలే' అని మనసులో రాసుకునే శక్తి వాటికి ఉంటుంది. ఆ తర్వాత కొత్తది కనిపిస్తే ముందు భయమే పుడుతుంది. ఇది ఎవరో ఊహించి చెప్పింది కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ లేబొరేటరీలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి గమనించారు. అక్కడ చేసిన ఇంకో ప్రయోగం 1961లో అచ్చయింది. పెద్ద కంచె కట్టిన మైదానంలో, మనుషుల పొడే తగలకుండా పిల్లల్ని పెంచారు. కొన్నిటిని 2, 3, 5, 7, 9 వారాల వయసుల్లో ఒక్కో వారం పాటు లోపలికి తెచ్చి మనుషుల మధ్య ఉంచారు. కొన్నిటిని 14 వారాలదాకా తేనేలేదు. ఆ ఆఖరు పిల్లలు మనుషుల్ని చూసి అడవి జంతువుల్లా బెదిరి పారిపోయాయి. తర్వాత ఎంత ఓపిగ్గా చేరదీసినా మిగతావాటిలా మచ్చిక కాలేదు. ఇది విన్నాక నాకు ఆరు నెలల సలహా మీద నమ్మకం పూర్తిగా పోయింది.

తల్లి దగ్గర ఉంచడానికీ బలమైన కారణమే ఉంది. పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకునేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది కెవ్వుమని అరిచి ఆట మానేస్తుంది. పాలు తాగేటప్పుడు పళ్లు దిగితే తల్లి లేచి వెళ్లిపోతుంది. ఎంత నొక్కితే నొప్పి పుడుతుందో అవి నేర్చుకునే బడి అదే. నెల రోజుల పిల్లని తెచ్చుకుంటే ఆ బడి మధ్యలోనే మానిపించినట్టు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కూడా 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అయినా నెల పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు, అరచేతిలో పట్టేంత ఉంటే ముద్దుగా ఉంటుందని కొనేవాళ్లూ ఉన్నారు. దయచేసి కొనకండి.

మూడో వారం నుంచి నేనూ మా అమ్మాయీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సెల్లారులోకి వెళ్లేవాళ్లం. తల్లికి ముందు అన్నం పెట్టి, అది తింటూ ఉండగా ఒక్కో పిల్లనీ కాసేపు చేతుల్లోకి తీసుకునేవాళ్లం. పాదాలు నొక్కి వదలడం, చెవి లోపల వేలితో తుడవడం, పెదవి ఎత్తి చూడడం, మళ్లీ తల్లి పక్కన పడుకోబెట్టడం, అంతే. వచ్చిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోకపోతే మా అత్తయ్య గడప తొక్కనిచ్చేవారు కాదు. ఆవిడ చెప్పింది సబబే. వీధిపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆటలోనైనా సరే పన్ను దిగి చర్మం గీరుకుంటే 15 నిమిషాలు పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, డాక్టర్ దగ్గరికి వెళ్లి రేబిస్ ఇంజెక్షన్ గురించి అడగాల్సిందే. చిన్నపిల్లే కదా అని వదిలేయకూడదు.

మేం ఎంచుకున్న పిల్ల బూడిదరంగు వీపు, తెల్లటి మూతి ఉన్న మగపిల్ల. మా అమ్మాయి జున్ను అని పేరు పెట్టింది. మిగతావాటికి తెలిసినవాళ్ల ఇళ్లు వెతికాం. పిల్లలు పాలు మరిచాక తల్లికి మళ్లీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం.

అసలు చిక్కు జున్నుని పైకి తెచ్చాక మొదలైంది. మొదటి టీకా అప్పటికే, ఏడో వారంలోనే వేయించాం. డాక్టరుగారు కార్డు మీద తర్వాతి తేదీలు రాసి, చివరి టీకా 16 వారాలు నిండాక అన్నారు. అప్పటిదాకా ఇన్నిసార్లు ఎందుకని అడిగాను. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పనిచేయనివ్వదట. అది ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం కాబట్టి మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ మళ్లీ వేస్తారట. ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మనుషులకీ లోకానికీ అలవాటుపడే వయసు 14 వారాలకి దాటిపోతోంది. టీకాలేమో 16 వారాలకి గానీ పూర్తికావు. ఇంజెక్షన్లన్నీ అయ్యాకే బయటికి అనుకుంటే, బయటికి వచ్చే రోజుకి ఆ వయసు వెళ్లిపోయి ఉంటుంది.

అలాగని పార్వో అనే అంటురోగాన్ని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. మా పక్కవీధిలో ఒక పిల్ల పార్వోతో పోయింది. వాంతులు, నెత్తురు విరేచనాలు, ఏం చేసినా నిలవలేదు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ కావాలి. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. బయటికి తీసుకెళ్తే జబ్బు, తీసుకెళ్లకపోతే పిరికితనం. తమ్ముడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నేల మీద దించకు అక్కా. అంతే. ఎత్తుకుని ఊరంతా చూపించు."

అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం కూడా 2008లో ఇదే దారి చెప్పింది. మొదటి టీకా వేయించి, నులిపురుగుల మందు పట్టించి, కనీసం 7 రోజులు ఆగితే చాలు, 7, 8 వారాల వయసులోనే పిల్లల్ని శుభ్రంగా ఉన్న చోట శిక్షణ తరగతులకి పంపొచ్చంది. మూడేళ్లలోపు కుక్కల ప్రాణాలు తీసేవాటిలో అంటురోగాల కన్నా ప్రవర్తన సమస్యలే ముందున్నాయని కూడా రాసింది. మొదట చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఆలోచిస్తే అర్థమైంది. భయంతో కరిచే కుక్కని ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. వదిలేస్తారు, లేదా అక్కడ ఇంజెక్షన్ ఇచ్చి చంపించేస్తారు.

మా పాత చున్నీతో జోలె కట్టాను. మావారు స్కూటీ నడుపుతుంటే వెనక కూర్చుని జున్నుని ఒళ్లో పెట్టుకునేదాన్ని. బీఆర్టీఎస్ రోడ్డు మీద ఒక చోట బండి ఆపి, వచ్చేపోయే బస్సుల్నీ లారీల్నీ చూపించేవాళ్లం. ఏలూరు కాలువ గట్టు మీద గేదెలు, మధురానగర్ స్టేషన్ బయట రైలు కూత, కూరగాయల బండి, బడి వదిలిన వేళ పిల్లల అల్లరి, ఇలా రోజుకో చోటు. ఎక్కువసేపు కాదు. కళ్లు వాలుతున్నాయంటే వెనక్కి తెచ్చేయడమే. ఆ వయసులో రోజుకి 18 గంటలకి పైనే నిద్రపోతాయి. నిద్ర చాలకపోతే చిరాకు, కొరకడం ఎక్కువవుతాయి.

వీధికుక్కలు తిరిగే చోట మాత్రం ఒక్క అడుగు కూడా వేయించలేదు. నేల మీద నడక ఇంట్లో, బ్లీచింగ్‌తో కడిగిన మా బాల్కనీలో, టీకాలన్నీ వేయించిన పెద్దకుక్క ఉన్న ఒక స్నేహితురాలి ఇంట్లో. ఆ పెద్దకుక్క చాలా నెమ్మది. జున్ను మరీ మీద మీద పడితే ఒక్క గుర్రు పెట్టేది. ఇంకో కుక్క దగ్గర ఎలా మసలుకోవాలో మనం నేర్పలేం, కుక్కే నేర్పాలి.

సంక్రాంతి నాటి సంగతి ఒకటి చెప్పాలి. జున్ను పైకి వచ్చిన కొత్తల్లోనే పండగ వచ్చింది. 8 నుంచి 10 వారాల మధ్య పిల్లలకి ఒక భయాల దశ ఉంటుందని, అప్పుడు గట్టిగా జడుసుకుంటే ఆ జడుపు చాలాకాలం ఉండిపోతుందని తమ్ముడు ముందే హెచ్చరించాడు. పొద్దున్నే గంగిరెద్దులవాళ్లు మా గేటు ముందుకొచ్చారు. సన్నాయి, డోలు, ఎద్దు మెడలో గంటలు. బాల్కనీలో నా చేతుల్లో ఉన్న జున్ను ఒక్కసారిగా కర్రలా బిగుసుకుపోయాడు. చెవులు తలకి అతుక్కున్నాయి, తోక పొట్ట కిందికి పోయింది, గుండె నా అరచేతికి టకటకా కొట్టుకుంటోంది. ఉడికించిన చికెన్ ముక్క మూతి దగ్గర పెట్టాను. వాసన కూడా చూడలేదు.

అక్కడే నిలబడి 'ఏం కాదులే, చూడు' అని బలవంతం చేయొద్దని తమ్ముడు అన్నది నాకు బాగా గుర్తుంది. హాల్లోకి వచ్చాను. చాల్లేదు. వంటింట్లోకి వచ్చి తలుపు చేరవేశాను. డోలు చప్పుడు దూరంగా, మెత్తగా వినిపిస్తోంది. కాసేపటికి ఒళ్లు వదులైంది. ముక్కు కదిలింది. చికెన్ ముక్క అందుకున్నాడు. ఇంకో ముక్క. డోలు మోగినప్పుడల్లా ఒక ముక్క, ఆగితే ఏమీ లేదు. తర్వాత హాల్లోకి తెచ్చాను, అక్కడా తిన్నాడు. ఈలోగా గంగిరెద్దు మూడిళ్ల అవతలికి వెళ్లిపోయింది. అప్పుడు బాల్కనీలోకి వచ్చాం. చెవులు నిక్కించి, తల ఒక పక్కకి వాల్చి విన్నాడు. కనుమ నాడు అదే ఎద్దు మా వీధి చివర కనిపిస్తే తోక ఊపుతూ చూశాడు.

ఆ పూట నుంచి నాకు చికెన్ ముక్కే కొలబద్ద అయింది. తింటున్నాడంటే పర్వాలేదు. తినడం మానేస్తే దగ్గరగా ఉన్నాం, దూరం జరగాలి. నోరు తడుపుకోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, మొహం పక్కకి తిప్పుకోవడం కూడా భయం గుర్తులే. చాలామంది వీటిని చూడరు. పిల్ల పారిపోవాలని చూస్తుంటే 'అలవాటు కావాలి' అంటూ ముందుకి తోస్తారు. అలా తోస్తే అలవాటయ్యేది భయమే.

మనుషుల్ని పరిచయం చేయడంలోనూ ఇదే పద్ధతి. చేతికర్రతో నడిచే పై అంతస్తు తాతగారు, బుర్ఖాలో వచ్చే ఎదురు ఫ్లాటు ఆంటీ, హెల్మెట్ తీయకుండా పైకి వచ్చే డెలివరీ అబ్బాయి, భుజాన గ్యాస్ బండ మోసుకొచ్చే అతను. అందరి చేతికీ ఒక ముక్క ఇచ్చి, "ఎత్తుకోకండి, కూర్చుని పక్కకి చెయ్యి చాపండి, వాడే వస్తాడు" అని చెప్పేదాన్ని. మా అమ్మాయి స్నేహితురాళ్లకైతే ముందే గట్టిగా చెప్పాను: మీదకి వంగొద్దు, తల మీద తట్టొద్దు, తింటుంటే దగ్గరికి పోవద్దు, నిద్రపోతుంటే ముట్టుకోవద్దు. వాడే వస్తే గడ్డం కింద నిమరండి, వాడు వెళ్తానంటే వెళ్లనివ్వండి. పిల్లలు మనకన్నా బాగా పాటించారు. పెద్దవాళ్లకే చెప్పడం కష్టం. కనపడగానే గబుక్కున ఎత్తేసుకుంటారు.

మామయ్యగారికి మాత్రం ఇదంతా నచ్చలేదు. "జనానికి మరిగిన కుక్క కాపలాకి పనికిరాదమ్మా" అన్నారు. ఊళ్లల్లో ఈ నమ్మకం చాలా గట్టిది. కోపిష్టిగా తయారవ్వాలని పిల్లని చీకటి కొట్లో కట్టేసేవాళ్లు, అన్నంలో కారం కలిపి పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా పెరిగిన కుక్క అందరికీ భయపడుతుంది. భయంతో మొరిగే కుక్కకి దొంగా చుట్టమూ ఒకటే. ఇంటికొచ్చిన మనవడినీ అలాగే పీకుతుంది. మామూలు మనుషుల్ని బోలెడంతమందిని చూసిన కుక్కకే తేడాగా ఉన్నది తెలుస్తుంది. జున్ను పెద్దయ్యాక మామయ్యగారు మా ఇంట్లో ఉండగా, ఒక అర్ధరాత్రి స్కూటీ దగ్గర ఎవరో తచ్చాడుతుంటే వాడు మొరిగిన మొరుగుడికి అపార్టుమెంటంతా లేచింది. తెల్లవారుజామున పాలబ్బాయి వస్తే తల కూడా ఎత్తలేదు. ఆయన రెండూ చూశారు. ఊళ్లో ఈమధ్య పుట్టిన పిల్లకి ఈ పద్ధతి ఆయనే మొదలుపెట్టారు.

మాటలు నేర్పడం అంత పెద్ద పని కాదు. ఇంటికొచ్చిన మర్నాడే మొదలుపెట్టాం. పేరు పిలవడం, చూస్తే ముక్క ఇవ్వడం. 'రా', 'కూర్చో', 'వదిలెయ్', ఈ మూడూ అన్నం పెట్టే ముందు రెండు మూడు నిమిషాలు చేయించేవాళ్లం. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలని ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. 'రా' అని పిలిచి తిట్టడం, స్నానం పోయడం లాంటివి చేయకూడదన్నది మా ఇంట్లో ఖచ్చితమైన నియమం. ఎప్పుడు పిలిచినా వస్తే మంచే జరగాలి. ఉచ్చ, దొడ్డి విషయంలో నిద్ర లేవగానే, తినగానే, ఆట అవగానే బాల్కనీలో పరిచిన పేపరు దగ్గరికి ఎత్తుకెళ్లడం, అక్కడ పోస్తే వెంటనే మెచ్చుకోవడం, ఇంతే. రెండు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు ఆపుకోగలదు. గదిలో పోసిందని కొట్టినా, మూతి రుద్దినా అది నేర్చుకునేది మనం చూడకుండా పోయడమే.

మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాం. డాక్టర్ దగ్గరికి ఇంజెక్షన్ రోజునే కాకుండా మామూలు రోజుల్లో కూడా తీసుకెళ్లి, బల్ల మీద కూర్చోబెట్టి, కాంపౌండర్‌తో బిస్కెట్ పెట్టించి తెచ్చేసేవాళ్లం. సెల్లారులో పాదాలు నొక్కిన అలవాటు ఇక్కడ కలిసొచ్చింది. ఇప్పుడు గోళ్లు కత్తిరించడానికి ఒక్కళ్లు చాలు.

నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడడం మొదలైంది. వేసవి ఎండలు, చిగుళ్ల దురద, చెప్పులకీ సోఫాకీ గండం. ముడివేసిన గుడ్డని తడిపి ఫ్రీజర్లో పెట్టి ఇచ్చేవాళ్లం. చేతిని కొరికితే ఆట ఆపి, లేచి, వీపు తిప్పి వెళ్లిపోవడం. ఆరో నెలకి పళ్లన్నీ వచ్చేసరికి కొరకడం దానంతట అదే సర్దుకుంది. ఎనిమిదో నెల ప్రాంతంలో నేర్చుకున్నవన్నీ మరిచిపోయినట్టు చేస్తాడు, 'రా' అంటే అటు తిరిగి చూస్తాడు. అది వయసు తెచ్చే మొండితనం. అప్పుడు అరవకుండా మళ్లీ మొదటి నుంచి, మళ్లీ ముక్కలతో చేయించాం.

వినాయక చవితి నిమజ్జనం డప్పులకి బాల్కనీలో పడుకునే ఉన్నాడు. దీపావళికి మాత్రం టపాసుల రికార్డింగులు ముందు నెల నుంచి సన్నగా పెట్టి, రోజురోజుకీ కొద్దిగా పెంచుతూ అన్నంతో పాటు వినిపించాం. ఆ రాత్రి లోపలి గదిలో ఫ్యాను, టీవీ వేసి పక్కన కూర్చున్నాను. పెద్ద బాంబు పేలినప్పుడు లేచి నా ఒళ్లోకి వచ్చాడు, అన్నం మాత్రం తిన్నాడు.

మా ఆఫీసులో ఒకావిడ కథ కూడా చెప్పకపోతే ఇది పూర్తికాదు. ఆవిడ ఏడాది దాటిన లాబ్రడార్‌ని చేరదీశారు. ఎవరో మేడ మీద గొలుసుకి కట్టి పెంచి, వద్దనుకున్న కుక్క. చాలా తెలివైనది. కూర్చోవడం, పడుకోవడం, చెయ్యివ్వడం చకచకా నేర్చేసుకుంది. నేర్పడానికి వయసు అడ్డురాదు, పదేళ్ల కుక్క కూడా నేర్చుకుంటుంది. కానీ చేతిలో కర్ర ఉన్న మనిషి కనిపిస్తే ఆ కుక్క ఇప్పటికీ మంచం కిందికి దూరి మూత్రం పోసేస్తుంది. మేం జున్ను విషయంలో కొద్దివారాల్లో చేసిన పని ఆవిడ రెండేళ్లుగా చేస్తున్నారు. మొదట వీధి చివర నిలబడ్డ మనిషి దగ్గర మొదలుపెట్టి, చికెన్ ముక్క తినే దూరం చూసుకుంటూ, అడుగడుగూ తగ్గిస్తూ వచ్చారు. పోయిన నెల వాచ్‌మన్ గేటు అవతల కర్ర పట్టుకుని నిలబడి ఉంటే, గేటు ఇవతల ముక్క తిందట. ఫోన్లో చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది. ఇప్పుడు గేటు తీసి నిలబడితే తింటుందా లేదా అని చూస్తున్నారు. డాక్టర్ దగ్గర మాత్రం ఇంకా మూతికి కట్టాల్సిందే.